మాత్రలు దాచుకునే చోటు

నేను తాపీమేస్త్రీని. మాది బొబ్బిలి దగ్గర పల్లె. పనికని చెన్నై వెళ్లి తాగుడు అంటించుకుని వచ్చాను. ఇంట్లో గొడవలయ్యాక విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ బయటే రెండేళ్లు పడుకున్నాను. పొద్దున్నే క్వార్టర్ పడకపోతే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కా మీదే ఒలికేది.

మొదటిసారి నా అంతట నేనే మానేశాను. రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చి పడిపోయాను. రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని నాకెవరు చెప్పారు? ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. మూడో రాత్రి గోడ నిండా ఎర్రచీమలు పాకుతున్నట్టు కనిపించింది. తెల్లవార్లూ దుప్పటి దులుపుతూనే ఉన్నాను. గ్లూకోజ్ ఎక్కించే ముందు నర్సమ్మ బి1 విటమిన్ ఇంజెక్షన్ చేసింది. తిండి మానేసి తాగినవాళ్లకు అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చట.

కాస్త తేరుకున్నాక పది రోజుల మాత్రలు చేతిలో పెట్టి పంపేశారు. ఎక్కడికి వెళ్తావని ఎవరూ అడగలేదు. మళ్లీ కాంప్లెక్స్‌కే వచ్చాను. మాత్రల పొట్లం లుంగీ మడతలో దోపుకున్నాను. రెండో రాత్రి వాన. తెల్లారి విప్పి చూస్తే కాగితానికి అంటుకుపోయిన తెల్లటి ముద్ద. చలికి వణుకుతుంటే పక్కవాడు సీసా అందించాడు, వద్దనలేకపోయాను. నాకు పట్టుదల లేదని అందరూ అన్నారు. నేనూ నమ్మాను. ఇప్పుడు నమ్మను.

రెండోసారి, ఇడ్లీ బండి అమ్మ నన్ను చూసి "ఏటి నాయనా, ఇలగైపోనావు" అని కళ్లు తుడుచుకుంది. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న టోల్‌ఫ్రీ నంబరు 14446కి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ అవే ఇంజెక్షన్లు. ఈసారి అక్కడినుంచి నన్ను నేరుగా నిరాశ్రయుల వసతి గృహానికి తీసుకెళ్లారు.

అక్కడ నాకొక మంచం, తాళం వేసుకునే ఒక పెట్టె ఇచ్చారు. మాత్రలు మాత్రం వార్డెన్ అన్నయ్య సొరుగులో ఉండేవి. రోజూ రాత్రి భోజనం అయ్యాక పిలిచి, "మింగావా? నోరు తెరు" అనేవాడు. చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూస్తున్నాడని మొదట్లో కోపం వచ్చేది. నా మాత్రల లెక్క గుర్తుంచుకున్న మనిషి అంతకుముందు ఒక్కరూ లేరని తర్వాత తెలిసొచ్చింది. పోయిన ఆధార్ కోసం ఆ గృహం అడ్రసే రాయించాడు.

పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం వందమందికి ఇలాంటి చోటు ఉండాలని కేంద్ర పథకం నిబంధనల్లోనే రాశారట. కాంప్లెక్స్ అరుగు మీద నాతో పడుకున్నవాళ్లలో ఒక్కడికీ ఆ సంగతి తెలియదు.

తాగక పద్నాలుగు నెలలైంది. పనిలోకి వెళ్తున్నాను. సోమవారం నుంచి నా పక్క మంచం ఖాళీగా ఉంది. నాకు సీసా అందించినవాడు ఇంకా ఆ అరుగు మీదే ఉన్నాడు. రెండుసార్లు వెళ్లి పిలిచాను, రానన్నాడు. ఈ రాత్రి మళ్లీ వెళ్తున్నాను.