నీతి చెప్పొద్దన్నారు

డాలస్ శివారులో ఒక పబ్లిక్ లైబ్రరీలో నేను పార్ట్‌టైమ్ పనిచేస్తున్నాను. ఇక్కడ ఉద్యోగానికి వచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద వచ్చినవాళ్లు, భర్తదో భార్యదో గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితే, ఉద్యోగం చేసుకోవచ్చని 2015లో రూల్ వచ్చింది. అలా పని చేసుకోవడానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఇక్కడ లైబ్రేరియన్ కావాలంటే మామూలుగా ఆ సబ్జెక్టులో మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. నేను అసిస్టెంట్‌ని. తిరిగొచ్చిన పుస్తకాలు బండి మీద తోసుకెళ్లి అరల్లో సర్దడం, పాఠకులు తమకోసం ఆపి ఉంచమని హోల్డ్ పెట్టినవి తీసి ఉంచడం నా పని. నెలకోసారి ఆరేడేళ్ల పిల్లలకి బుక్ క్లబ్ జరుగుతుంది. అక్కడ చిల్డ్రన్స్ లైబ్రేరియన్‌కి సాయంగా ఉంటాను.

పోయినసారి పుస్తకం మన మొసలి, కోతి కథే. పంచతంత్రం కథని ఇంగ్లిష్‌లో బొమ్మల పుస్తకంగా వేశారు. మీ కథే కాబట్టి మీరే చదవండి అన్నారావిడ. సంతోషంగా చదివాను. నదిలో మధ్యకి వచ్చాక మొసలి అసలు సంగతి బయటపెట్టడం, గుండెకాయ చెట్టు మీదే మర్చిపోయి వచ్చానని కోతి అనడం, పిల్లలు కదలకుండా విన్నారు. పుస్తకం మూసి, ఆపదలో తెలివి ఉపయోగిస్తే ప్రాణం దక్కుతుందని, స్నేహితుణ్ణి చూసి ఎంచుకోవాలని చెప్పాను. ఊళ్లో రెండో తరగతికి పాఠం చెప్పినదాన్ని. కథ అయ్యాక ఆ రెండు ముక్కలూ నోట్లోంచి వాటంతటవే వస్తాయి. పిల్లలు తలలూపారు. వెనకాల గోడ వారన కూర్చున్న తల్లిదండ్రులు కూడా ఊపారు.

అందరూ వెళ్లిపోయాక కుర్చీలు సర్దుతుంటే ఆవిడ వచ్చి, "కథకి అర్థం మనం చెప్పేస్తే వాళ్లు మాట్లాడుకోవడానికి ఇంకేం మిగలదు. ఈసారి నుంచి చెప్పొద్దు" అన్నారు. గొంతు పెంచలేదు, మొహం కూడా మామూలుగానే ఉంది. కానీ ఇన్నేళ్లు టీచరుగా చేసినదాన్ని, కథ ఎలా ముగించాలో ఒకరు చెప్పాల్సి వచ్చిందే అని నాకు కష్టంగా అనిపించింది. ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

నిజానికి ఆవిడ ఎందుకన్నారో నేను కళ్లారా చూశాను. నేను నీతి చెప్పగానే ఆవిడ ముందుకి జరిగి, "ఇంకెవరికైనా వేరేగా అనిపించిందా?" అని అడిగి ఊరుకున్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు టెన్షన్. నేనైతే ఈపాటికి ఎవరో ఒకరి పేరు పిలిచేదాన్ని. ఆవిడ పిలవలేదు. అప్పుడొక అబ్బాయి అన్నాడు: "కోతి కూడా అబద్ధమే చెప్పింది కదా. గుండె చెట్టు మీద ఎలా ఉంటుంది?"

"దాన్ని చంపేస్తున్నారు. అప్పుడు చెప్పొచ్చు" అంది పక్కనున్న అమ్మాయి.

"మరి మొసలి భార్యకి ఒంట్లో బాలేదు. వాడు కూడా భార్య కోసమే చెప్పాడు. అదెందుకు చెప్పకూడదు?"

దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంకో పాప లేచొచ్చి పుస్తకం తిరగేసి ఒక బొమ్మ చూపించింది. "ఇక్కడ మొసలి కోతి వంక చూడట్లేదు. వాడికి చెప్పాలని లేదు." ఏది చూసి అలా అనుకున్నావని ఆవిడ అడిగితే, అంతకుముందు పేజీలో మొసలి కళ్లు కోతి వైపే ఉన్నాయి, ఇక్కడ నీళ్ల వైపు ఉన్నాయి అంది. నేను ఆ పుస్తకం ఇంట్లో రెండు మూడుసార్లు చదువుకుని వచ్చాను. ఆ కళ్లు నాకు కనపడలేదు. మొదట కోతిని తప్పుపట్టిన అబ్బాయి ఆఖర్న, "ఇందాక నేను అన్నట్టు ఇప్పుడు అనుకోవట్లేదు" అన్నాడు. ఏడేళ్ల పిల్లాడు అందరి ముందు మాట మార్చుకుంటే ఒక్కరూ నవ్వలేదు. నాకు బాగా నచ్చింది అది. మాట మార్చుకోవడం చిన్నతనం కాదని పెద్దయ్యాక కూడా మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ఇంత చూశాక కూడా నా వాదన నాకుంది. నా క్లాసులో నలభై మంది ఉండేవారు. నలభై నిమిషాల పీరియడ్, వెనకాలే సిలబస్. ఎనిమిది మందిని కార్పెట్ మీద కూర్చోబెట్టుకుని గంటసేపు ఒక్క కథ మీద ఉండమంటే నేనూ ఉండగలను. పైగా నీతి చెప్పేది నోరు మూయించడానికి కాదు. పుస్తకం కొనలేని ఇంటి పిల్లలు ఆ కథని మనసులో పెట్టుకుని ఇంటికి వెళ్లాలి, రాత్రి తమ్ముడికి చెప్పాలి. ఆ ఒక్క వాక్యం పట్టుకుంటే కథంతా మళ్లీ గుర్తొస్తుంది.

ఆమధ్య కొలీగ్ ఒకామె మీ దేశంలో ఇలాంటి లైబ్రరీలు ఉంటాయా అని మంచిగానే అడిగింది. నేను కొంచెం ఎక్కువే చెప్పాను. 1914లోనే బెజవాడలో గ్రంథాలయాల కోసం మహాసభ జరిగిందని, అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా ఆ పనికే ఇచ్చారని, 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకి పంపారని. చదువు రానివాళ్లకి ఒకరు పైకి చదివితే చుట్టూ కూర్చుని వినేవాళ్లని, విన్నాక వాదించుకునేవాళ్లని కూడా చెప్పాను. కథ గురించి మాట్లాడుకోవడం మేం ఇక్కడికొచ్చి నేర్చుకున్నది కాదు.

అలా చెబుతున్నప్పుడే బేతాళుడు గుర్తొచ్చాడు. మనకి నీతితో అయిపోయే కథలే కాదు, ప్రశ్నతో ఆగే కథలు కూడా ఉన్నాయి. బేతాళుడు కథ చెప్పి ఎవరిది తప్పు, ఎవరిది గొప్ప త్యాగం అని విక్రమార్కుణ్ణి అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చందమామలో ఆ ప్రశ్న దగ్గర మా అన్నయ్య పేజీ మీద చెయ్యి పెట్టి, రాజు జవాబు కనపడకుండా మూసేవాడు. ముందు మేం చెప్పాలి. అరుచుకునేవాళ్లం. అన్నయ్య చెయ్యి తీశాక రాజు మాట చదివి, రాజే తప్పు చెప్పాడని కూడా అనుకున్న రోజులున్నాయి.

బుక్ క్లబ్‌లో మాత్రం తల పగలదు. మాట్లాడాలని లేకపోతే పిల్లలు "పాస్" అనొచ్చు. మంచి పద్ధతే. కానీ ఆ పాస్ దగ్గరే నాకు గుచ్చుకునేది ఒకటుంది. మన తెలుగు పాప ఒకతి వస్తుంది, ప్రతిసారీ పాస్ అంటుంది. కళ్లు మాత్రం గోడ దగ్గర కూర్చున్న వాళ్లమ్మ మీద ఉంటాయి. ఒకసారి వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "అక్కా, ఇంట్లో కథంతా అక్షరం పోకుండా అప్పజెప్పింది. ఇక్కడికొస్తే నోరు విప్పదు. స్కూల్లో కూడా ఇదే కంప్లయింట్" అని బాధపడింది. ఆ పాపకి ఏమీ తోచక కాదు ఊరుకునేది. పెద్దవాళ్లు ముందు చెప్పాలి, సరైనది తెలిశాకే మనం మాట్లాడాలి అని పెరిగింది. నీకేమనిపించింది అని అడిగితే, అందులో సరైన జవాబు ఏదో తెలియక ఆగిపోతోంది. ఇక్కడివాళ్ల లెక్కలో అది పాల్గొనకపోవడం. నాకు మాత్రం అందులో మర్యాద కనిపిస్తుంది, భయం కూడా కనిపిస్తుంది. రెంటినీ విడదీయడం నాకు చేతకావట్లేదు.

అందుకే ఈసారి వినేసి ఊరుకోలేదు. లైబ్రేరియన్ నాకు చదవమని ఇచ్చిన ట్రైనింగ్ కాగితాల్లో రెండు విషయాలున్నాయి. ఒకటి, మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో చెప్పింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతారట. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, అడక్కుండానే మాట్లాడే పిల్లలు పెరుగుతారు. ఇది లైబ్రేరియన్ పక్షం. రెండోది, 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం చిన్నపిల్లలకి బొమ్మల పుస్తకాలు చదివే పద్ధతి మీద చేసిన పని. అందులో పిల్లలే కథ చెప్పాలి, పెద్దవాళ్లు వినాలి. ఆ పద్ధతిలో అడగదగ్గ ప్రశ్నల్లో అభిప్రాయం అడిగేవే కాదు, కథలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుని చెప్పమనేవి కూడా ఉన్నాయి. ఇది నా పక్షం. అభిప్రాయం అడిగే ముందు కథని పిల్లలతో ఒకసారి చెప్పించండి, మా పిల్లలు దానికి భయపడరు అన్నాను. ఆవిడ కాగితం తీసుకుని మళ్లీ చదివి, సరే ఈ నెల అలాగే చేద్దాం అన్నారు. పై స్థాయి మనిషి అసిస్టెంట్ మాట అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను ఎదురుచూడలేదు.

ఈ నెల ఆ పాపే కథ చెప్పింది. గొంతు సన్నగా ఉంది కానీ ఆగలేదు. పుస్తకంలో ఉన్న వరసలోనే, ఉన్న మాటలతోనే చెప్పుకుపోయింది. మధ్యలో ఒక అబ్బాయి అలా కాదు, ముందు వర్షం వచ్చింది అంటే, "లేదు, పేజీ చూడు" అంది. తర్వాత నీకేమనిపించింది అని అడిగినప్పుడు మళ్లీ పాస్ అంది. ఆవిడ నా వైపు చూశారు, నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు.

వచ్చే నెలకి బేతాళ కథ ఒకటి నేనే ఇంగ్లిష్‌లో పిల్లలకి అర్థమయ్యేలా రాసిచ్చాను. ఆవిడకి కథ చాలా నచ్చింది. ప్రశ్న దగ్గర ఆపేద్దాం, రాజు జవాబు వద్దు అంటున్నారు. జవాబు కూడా చదవాలని నేనంటున్నాను. ముందు పిల్లలు వాదించుకోనివ్వండి, తర్వాత రాజు ఏమన్నాడో చెబుదాం, రాజుతో కూడా వాళ్లని పోట్లాడనిద్దాం అని నా మాట. ఆ పాపకి పెద్దవాళ్ల జవాబు ఒకటి వినిపిస్తే, అది తప్పని చెప్పడానికైనా నోరు విప్పుతుందేమో. ఇంకా తేల్చుకోలేదు. బుధవారం మీటింగులో మళ్లీ అడుగుతాను.