పీహెచ్‌డీలో గైడ్ కాక ఇంకెవరున్నారు?

సాహిత్య సమీక్ష, అంటే నా అంశం మీద ఇప్పటికే వచ్చిన పరిశోధనలను చదివి క్రోడీకరించడం దగ్గర నా పని నెలల తరబడి కదలలేదు. వెతికితే వేల వ్యాసాలు వచ్చేవి, పనికొచ్చేవి మాత్రం చేతికందేవి కావు. చివరికి మా గైడ్ "ముందు లైబ్రేరియన్‌ను కలవమ్మా" అన్నారు. నా పరిశోధన గాడిన పడింది ఆ మాటతోనే.

లైబ్రేరియన్ గారు వెంటనే కంప్యూటర్ తెరవలేదు. నా పరిశోధన ప్రశ్నను రెండు వాక్యాల్లో చెప్పమన్నారు. అందులోని ఒక్కో ముఖ్యపదానికి దగ్గరి పదాలన్నీ కాగితం మీద రాయించారు. ఒకే అర్థమున్న వాటిని ‘ఆర్’ (OR)తో, వేర్వేరు భావాలను ‘యాండ్’ (AND)తో కలిపి వెతకడం నేర్పారు. మంచి వ్యాసం ఒక్కటి దొరికితే చాలు, దాని ఆధార గ్రంథాల పట్టికతో వెనక్కి వెళ్లవచ్చు. గూగుల్ స్కాలర్‌లో దాన్ని ఉటంకించిన వారిని పట్టుకుని ముందుకు రావచ్చు. ఏ పదాలతో, ఎక్కడ, ఏ తేదీన వెతికానో రాసి పెట్టుకోమన్నదీ ఆవిడే. పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు ఆ నోట్సే నాకు ఆధారమైంది.

మా గ్రంథాలయం చందా కట్టని పత్రికల్లోని వ్యాసాలకు చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే అన్‌పేవాల్ అనే ఉచిత ఆన్‌లైన్ సాధనం చూపించేది. లేకపోతే మా గ్రంథాలయమే మరో గ్రంథాలయం నుంచి తెప్పించేది. రచయితలకు నేరుగా మెయిల్ రాస్తే చాలామంది సంతోషంగా పంపారు.

జొటెరో గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 2006లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఆధారాల పట్టిక తయారు చేయడంతో ఆగదు. మనం దాచుకున్న వ్యాసాన్ని, అది నమ్మదగింది కాదని ప్రచురించిన పత్రిక ఉపసంహరించిందని తెలిస్తే ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది. నా రెండో అధ్యాయానికి ఆధారమైన ఒక వ్యాసం మీద ఆ హెచ్చరిక కనిపించినప్పుడు గుండె ఝల్లుమంది. ఆ భాగమంతా తిరగరాశాను. వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో బయటపడి ఉంటే ఏమయ్యేదో!

గణాంక సలహాదారును డేటా సేకరణకు ముందే కలవండి. నమూనా పరిమాణం సరిపోలేదని తర్వాత తెలిస్తే ఆయన కూడా చేయగలిగింది తక్కువే.

ఇక మనసు సంగతి. 2019లో నేచర్ పత్రిక 6,000 మందికి పైగా పరిశోధక విద్యార్థులను అడిగితే, పీహెచ్‌డీ వల్ల కలిగిన ఆందోళన, కుంగుబాటుకు సాయం కోరామని 36 శాతం మంది చెప్పారు. అది చదివాకే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లే ధైర్యం వచ్చింది. నా దిగులులో సగం, గైడ్ నా నుంచి ఏమి ఆశిస్తున్నారో తెలియకపోవడమేనని ఆ మాటల్లో తేలింది. అప్పటి నుంచి ప్రతి సమావేశం తర్వాత ఏమి అనుకున్నామో, ఏది ఎప్పటికి ఇవ్వాలో మెయిల్‌లో రాసి పంపుతున్నాను. ఆయన కూడా అధ్యాయాలు ఎప్పటికి చదివి ఇస్తారో తేదీతో సహా చెబుతున్నారు.