ఐదు కాళ్ళ ఏనుగు

నాకు డబ్బులిచ్చి బొమ్మలు గీయించుకున్న మొదటి పిల్లల పుస్తకంలో ఏనుగుకి ఐదు కాళ్ళున్నాయి.

కావాలని గీయలేదు. వెనక కాలు ఒకలా గీశాను, నచ్చక ఇంకో లేయర్‌లో, అంటే కంప్యూటర్లో బొమ్మ మీద పరిచే ఇంకో పారదర్శకమైన పొరలో, మళ్ళీ గీశాను. పాత లేయర్‌ని ఆఫ్ చేయడం మర్చిపోయాను. బూడిదరంగు మీద బూడిదరంగు, పైగా చుట్టూ గడ్డి. నేను చూశాను, రచయిత చూశారు, ఎడిటర్ చూశారు, ఒక్కరికీ తేడా తెలియలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక ఒక ఆరేళ్ళ పిల్ల పేజీ మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అంటూ ఐదు దాకా లెక్కపెట్టి నా మొహంలోకి చూసింది.

"అది తోకమ్మా" అన్నాను.

"తోక ఇక్కడుందిగా" అంది.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. ఆ రాత్రి ఇక బొమ్మల జోలికి వెళ్ళకూడదనుకున్నాను. కానీ మర్నాటికి ఇంకో కథకి రఫ్ స్కెచ్‌లు పంపుతానని అప్పటికే మాటిచ్చేశాను కాబట్టి లేచి అవి గీశాను. మానేయడానికి తీరిక దొరకలేదు, అంతే. మోటివేషన్ ఎలా నిలబెట్టుకుంటారని ఎవరైనా అడిగితే నేను కాసేపు నీళ్ళు నమిలేది ఇందుకే.

ఈ మోటివేషన్ లేకపోవడం అన్నది ఒక్క జబ్బు కాదని నా అనుమానం. మొదట్లో ఉత్సాహం బోలెడుంటుంది, పని ఉండదు. కొన్నాళ్ళకి పని బోలెడుంటుంది, ఉత్సాహం ఉండదు. ఈ రెండింటికీ కలిపి "నీ మీద నీకు నమ్మకం ఉండాలి" అని ఒకే మందు రాసిచ్చేస్తుంటారు. మొదటి రకం వాళ్ళకి నమ్మకానికేం కొదవ? నా సంగతే చెప్తాను.

అప్పట్లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. సాయంత్రాలు గీసుకునేదాన్ని. ఏడాదిలో ఇరవై బొమ్మలు పోగేసి, తెలిసినవాళ్ళందరూ బాగున్నాయంటే ధైర్యం వచ్చి, ఒక ఎడిటర్‌కి చూపించాను. ఆవిడ అన్నీ ఓపిగ్గా తిప్పి చూసి, "వీళ్ళందరి చేతులేవండీ?" అన్నారు.

నిజమే. ఒకడి చేతులు జేబుల్లో ఉన్నాయి. ఒకమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుంది. ఇంకొకామె చేతుల్ని పూలగుత్తి కప్పేసింది. ఇరవై బొమ్మల్లో ఒక్క పూర్తి చెయ్యి లేదు. నాకు చేతులు గీయడం రాదన్న సంగతి నాకంటే ముందు నా పెన్సిల్‌కి తెలిసినట్టుంది, ఏడాదిపాటు జాగ్రత్తగా దాచిపెట్టింది.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. పిల్లల బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలుంటుంది. పెద్ద కాగితం మీద అచ్చేసి మడతపెట్టి కత్తిరిస్తారు కాబట్టి ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, ఇలాంటి లెక్కల్లోనే పేజీలు కుదురుతాయి. అన్ని పేజీల్లోనూ అదే పిల్లాడు పరిగెత్తాలి, ఏడవాలి, వీపు చూపించి నిలబడాలి, ఎక్కడ చూసినా వాడేనని తెలియాలి. "మీ దగ్గర ఇరవై మంది అందమైన మనుషులున్నారు. నాకు ఒక్కడు చాలు, కానీ వాడు కదలాలి" అన్నారు. కొత్తగా మొదలుపెడుతున్నవాళ్ళకి నేను చెప్పగలిగిన పనికొచ్చే మాట ఇదొక్కటే, అదీ నాది కాదు.

చేతుల కోసం ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. బాల్‌పెన్నుతోనే గీయాలి, చెరపడానికి లేదు, రోజుకి పది నిమిషాలు. మోడల్ నా ఎడమ చెయ్యే. జీతం అడగదు, ఎప్పుడు పిలిచినా వస్తుంది. మొదటి యాభై గాలి ఊదిన గ్లవ్స్‌లా వచ్చాయి. తర్వాత మెల్లగా కొన్ని సంగతులు కంటికి ఆనడం మొదలైంది. అరచెయ్యి వైపు నుంచి చూస్తే వేళ్ళు పొట్టిగా, వెనక వైపు నుంచి చూస్తే పొడుగ్గా ఉంటాయి. అరచేతి కండ వేళ్ళ మొదళ్ళని కొంత మేర కప్పేస్తుంది కాబట్టి. కణుపులు సరళరేఖలో ఉండవు, వంపులో ఉంటాయి. బొటనవేలి గోరు మిగతా గోళ్ళలాగా మనవైపు చూడదు, పక్కకి తిరిగి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా నాతోనే ఉన్న చెయ్యి అది, ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. చెయ్యి తిరగడం అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

ఉద్యోగం నాలుగేళ్ళు వదల్లేదు. "అన్నీ వదిలేసి దిగిపో" అనే సలహా నాకు గిట్టదు. ఒడ్డు చేరినవాళ్ళే ఆ మాట చెప్తుంటారు, మునిగినవాళ్ళని ఎవరూ స్టేజీ ఎక్కించరు కదా. ఆంథొనీ ట్రాలప్ అనే ఇంగ్లిష్ రచయిత ఏళ్ళ తరబడి పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే నవలలు రాశాడు. పొద్దున ఐదున్నరకే బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున లెక్క కట్టుకుని రాసేవాడు. మొత్తం 47 నవలలు. (బ్రిటన్‌లో వీధుల్లో నిలబెట్టే పోస్టుడబ్బాల ఆలోచన తెచ్చిందీ ఈయనే. అంటే ఆఫీసు పని కూడా దొంగాట కాదన్నమాట.) ఈ కథ చదివి నేనూ ఐదున్నరకి లేచాను, మూడు రోజులు. నాలుగో రోజు ఆఫీసులో ఒక కాలమ్‌లోని అంకెల్ని పొరపాటున రెండుసార్లు కూడేశాను. నాకు సాయంత్రం నలభై నిమిషాలే నప్పింది. ఆయన దగ్గర నేను తీసుకున్నది గడియారం మాత్రమే.

ఇక రెండో రకం జబ్బు. ఉద్యోగం మానేసిన మూడో ఏడు వచ్చింది. చేతినిండా పని ఉంది, బొమ్మలు గీసే ట్యాబ్లెట్ ఆన్ చేయాలంటే మాత్రం కడుపులో తిప్పేది. బొమ్మలంటే విసుగు పుట్టిందని అనుకున్నాను. ఇంత కష్టపడి వచ్చింది ఇందుకా అని ఏడ్చాను కూడా. చాలాకాలానికి గానీ అర్థం కాలేదు, నేను భయపడుతున్నది బొమ్మలకి కాదు, ఒక్క ఫైల్‌కి. అందులో ఒక కుందేలుంది. దాని చెవులు పద్నాలుగోసారి మారుస్తున్నాను. ప్రతిసారీ పని ఇచ్చినవాళ్ళు "ఇంకొంచెం లైవ్లీగా" అని రాస్తారు. లైవ్లీ అంటే ఏమిటో వాళ్ళకీ తెలియదు. అదే ఏడు ఇంకొకరు పన్నెండు బొమ్మలు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ పైన ఒక కవర్ మీద నేను స్క్రీన్‌లో చూసి మురిసిపోయిన ఆకుపచ్చ, అచ్చులో పాచి రంగులో దిగింది. తప్పు నాదే. స్క్రీన్ వెలుగుతో రంగు పుట్టిస్తుంది, అచ్చు నాలుగు సిరాలతో పుట్టిస్తుంది. ఆ మెరుపు సిరాలో రాదు. ఫైల్‌ని సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు సిరాల లెక్కలోకి, మార్చి చూసుకుని ఉంటే ముందే తెలిసేది.

అప్పటినుంచి సగం డబ్బు ముందు తీసుకుంటాను. మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి లెక్క. ఇవన్నీ ముందే మెయిల్లో రాసుకుంటాం. మొదటిసారి ఆ మెయిల్ పంపడానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. అవతల నుంచి "ఓకే" అని వచ్చింది, ఒక్క ముక్క. పోయిన ఉత్సాహం సగం ఆ వారంలోనే తిరిగొచ్చింది. ధ్యానం వల్లా కాదు, గొప్పవాళ్ళ కొటేషన్ల వల్లా కాదు, ఇన్వాయిస్ వల్ల!

కొటేషన్లంటే నాకు పూర్తిగా పడదని కాదు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ తన ప్రసిద్ధమైన కెరటం బొమ్మని గీసింది డెబ్బై దాటే వేళకి. డెబ్బైకి ముందు గీసినదేదీ లెక్కలోకి రాదని, నూట పదేళ్ళు బతికితే తను పెట్టే ప్రతి చుక్కా ప్రాణంతో ఉంటుందని 1834లో అచ్చయిన తన పుస్తకం చివర రాసుకున్నాడు. రాత్రిపూట ఇలాంటివి చదివితే గుండె నిండుతుంది. పొద్దున్నకి పనికిరావు. నూట పదేళ్ళు ఆగండని ఎడిటర్‌కి చెప్పలేం.

పొద్దున్నకి నాకు పనికొచ్చే చిట్కా ఒకటే, కాస్త సిగ్గుగా కూడా ఉంటుంది చెప్పడానికి. రాత్రి పని ఆపేటప్పుడు బుర్ర అక్కర్లేని ముక్క ఒకటి మిగుల్చుకుంటాను. చొక్కా మీద చారలు, పెంకుటింటి పెంకులు, గడ్డి. మొహాలు మిగల్చను, పొద్దున్నే ఖాళీ మొహం చూస్తే పారిపోవాలనిపిస్తుంది. చారలైతే ఆలోచించేలోపు చెయ్యి మొదలుపెట్టేస్తుంది, పావుగంటలో మనసు కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది. కొన్ని రోజులు రాదు. ఆ రోజుల్లో కూడా చారలైతే పూర్తవుతాయి.

ఇప్పుడు చేస్తున్న పుస్తకంలో మళ్ళీ ఏనుగులొచ్చాయి. ఈసారి మంద, పదకొండు. ఇందాకే పాత లేయర్లన్నీ డిలీట్ చేసి వేలు పెట్టి లెక్కపెట్టాను, నలభై నాలుగు కాళ్ళు. నమ్మకం లేక ఇంకోసారి లెక్కపెట్టాను. చివరి గున్నకి తోక గీయలేదు. అది పొద్దున్నకి.