చెవి వెనక నీలిరంగు

1984లో నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడాది మన స్కూలు వార్షికోత్సవంలో రాయబారం సీను వేశారు. కృష్ణుడు మన తెలుగు మాస్టారు. కిరీటం పెట్టె మోస్తూ ఆయన వెంట తిరిగే పని నాది. మేకప్ అయ్యాక సీనుకు ఇంకా గంట టైముంది. మాస్టారు సైన్సు ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చుని, నీలిరంగు ముఖానికి కళ్లజోడు పెట్టుకుని, మా యూనిట్ టెస్టు పేపర్లు దిద్దడం మొదలుపెట్టారు. ఒక పేపరు దగ్గర ఆగి, “ఇంత చెప్పినా వీడికి గణాలు రాలేదే” అని దిగులుపడ్డారు. ఆ ముఖం కృష్ణుడిది కాదు. క్లాసులో మేం భయపడే మాస్టారిదీ కాదు. అప్పుడు నా దగ్గర కెమెరా లేదు.

ఉద్యోగం వచ్చి విజయవాడలో స్థిరపడ్డాక కెమెరా కొన్నాను. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో గానీ, గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో గానీ పద్యనాటకం ఉందంటే వెళ్లేవాణ్ణి. మొదటి రెండేళ్లు తీసినవన్నీ వృథా. నలభై ఏళ్లుగా రంగు పూసుకుంటున్న నటుడికి కెమెరా కనిపిస్తే చాలు, మెడ నిటారుగా లేస్తుంది, కనుబొమ్మ పైకి పోతుంది, చెయ్యి అభయమిస్తుంది. అది గొప్పకు పోవడం అనుకుంటే పొరపాటు. పందిట్లో చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా ముఖంలో భావం అందాలని ఒళ్లంతా నేర్చుకున్న విద్య అది. నాకు మాత్రం ఆ విద్య వెనక ఉన్న మనిషి కావాలి.

బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతో తెలుగు దేశాన్ని మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కృష్ణ పాత్రకు పేరుపడ్డ ఈలపాట రఘురామయ్య గారిది గుంటూరు దగ్గర సుద్దపల్లి. వాళ్ల ఫోటోలు నేను చూసినవి చాలావరకు వేషంలో ఉన్నవే. ఆ విగ్గు తీసి పక్కన పెట్టాక స్థానం వారు ఎలా కూర్చునేవారో చూడాలని నాకు ఇప్పటికీ ఆశ.

మెల్లగా పద్ధతి మార్చుకున్నాను. నాటకానికి రెండు గంటల ముందే గ్రీన్ రూమ్‌కి వెళ్లి, అడిగి, ఒక మూల కూర్చునేవాణ్ణి. కెమెరా సంచిలోనే ఉండేది. టీ అందించడం, అద్దం పట్టుకోవడం, హార్మనీ పెట్టె జరపడం నా పనులు. గంట గడిస్తే నన్ను మర్చిపోయేవాళ్లు. ఫ్లాష్ వాడను. నూనె రంగు పూసిన ముఖం మీద ఫ్లాష్ పడితే నుదురూ బుగ్గలూ తెల్లటి మచ్చలవుతాయి, పైగా ఆ మెరుపుకి మనిషి మళ్లీ వేషంలోకి వెళ్లిపోతాడు. అద్దం చుట్టూ ఉండే బల్బుల వెలుగు చాలు. 50 ఎంఎం లెన్స్, దాని ద్వారం బాగా తెరిచి ఎఫ్ 1.8, తక్కువ వెలుగుకు సరిపడా ఐఎస్ఓ 1600, షట్టరు తెరిచి ఉండేది సెకనులో 60వ వంతు. అప్పుడు కన్ను ఒక్కటే ఫోకస్‌లో ఉంటుంది, చెవి దగ్గరికి వచ్చేసరికి మసకబారుతుంది. నాకు అదే ఇష్టం.

ఎవరైనా పోజిస్తే కాదనను. మర్యాదగా ఆ ఫోటో తీస్తాను. “అయిందా బాబూ?” అని ఊపిరి వదిలి భుజాలు దించుతారు చూడండి, అప్పుడు రెండోది తీస్తాను. దాన్ని వాళ్లకు చూపించకుండా దాచుకోను. వద్దంటే చెరిపేస్తాను. బోసినోటితో ఉన్న ఫోటో ఒకటి ఒక హరిశ్చంద్రుడు వద్దన్నారు. చాలా మంచి ఫోటో. ఆయన ముందే చెరిపేశాను.

మాస్టారు చివరిసారి కృష్ణుడు వేసింది విజ్ఞాన మందిరంలోనే. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఒక పద్యానికి వన్స్ మోర్ కొట్టారు. రెండోసారి పాడేటప్పుడు ఆలాపన కొంచెం తగ్గించుకున్నారు. నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసుకుని పాత పంచె ముక్కతో రంగు తుడుచుకుంటూ, “చివర్లో శ్రుతి జారిందా?” అని హార్మనిస్టును అడిగారు. ఆయన జవాబు చెప్పేలోపు, మాస్టారు ఆయన వైపే చూస్తున్నారు. 1984లో పేపరు వైపు చూసిన చూపే. ఈసారి కెమెరా నా చేతిలో ఉంది.

ఈ సంచిక వేస్తున్న కమిటీ మిత్రులు మాస్టారి ఫోటో ఒకటి కావాలన్నారు, కిరీటంతో ఉన్నదైతే బాగుంటుందన్నారు. అదీ పంపాను. కానీ మాస్టారిని అడిగి, ఆయన సరేనన్నాకే, ఆ రెండో ఫోటో కూడా జతచేశాను. జుట్టు చెదిరి ఉంటుంది, ఎడమ చెవి వెనక కాస్త నీలిరంగు మిగిలిపోయి ఉంటుంది. దయచేసి నిండు పేజీకి దాన్నే వేయండి.