ట్రోమ్సో నుంచి లాంగియర్‌బ్యెన్ దాకా

నార్వే ఉత్తర భాగంలో ఉన్న ట్రోమ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బ్యెన్‌కు ఆకాశమార్గాన సుమారు 957 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిన్నగా ఉత్తరానికి గ్వాలియర్ దాకా వెళ్తే ఇంచుమించు అంతే దూరం అవుతుంది. కాకపోతే ఆ దారిలో నాగపూర్, సాగర్, ఝాన్సీ తగులుతాయి; ఈ దారిలో సముద్రం, దాదాపు సగం దూరంలో ఒక వాతావరణ కేంద్రం మాత్రమే ఉన్న బ్యోర్నోయా దీవి తప్ప మరేమీ లేవు.

టికెట్టు మీద ప్రయాణ సమయం గంటా నలభై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా వేగంతో ఎగిరే విమానానికి గంటా పది నిమిషాలు చాలవా అని లెక్క వేసుకున్నాను. కానీ రన్‌వే దాకా నేల మీద పాకడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించడం అన్నీ కలిస్తేనే అసలు సమయం. దూరాన్ని వేగంతో భాగించి చూపే లెక్కలను అందుకే నేను పెద్దగా నమ్మను.

ఆ లెక్కల్లో కనిపించని సమయం ఇంకొకటి ఉంది. స్వాల్‌బార్డ్ నార్వే ఏలుబడిలోనే ఉన్నా ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సమూహమైన షెంగెన్ ప్రాంతానికి వెలుపలిది. కనుక ఓస్లోలో ఎక్కినవాళ్లం కూడా ట్రోమ్సోలో దిగి, పాస్‌పోర్టు చూపించి, మళ్లీ అదే విమానంలో కూర్చున్నాం. భారతీయులు ఒక్కసారి ప్రవేశానికే చెల్లే షెంగెన్ వీసాతో ఇక్కడికి వస్తే, తిరుగు ప్రయాణంలో మళ్లీ నార్వేలో అడుగుపెట్టడానికి దారి ఉండదు. దూరం, సమయం కన్నా ముందు చూసుకోవలసినది ఇదేనని నా అభిప్రాయం.

మేము వెళ్లింది మే నెల మొదట్లో. ట్రోమ్సోలో రాత్రి పది దాటాక సూర్యుడు అస్తమించాడు. లాంగియర్‌బ్యెన్‌లో మాత్రం ఏప్రిల్ 20 ప్రాంతం నుంచే అస్తమించడం మానేశాడు. 69వ అక్షాంశం దాటిన ఊరి నుంచి 78వ అక్షాంశం దాటిన ఊరికి పోతున్నాం కనుక, దాటుతున్నది కిలోమీటర్లను మాత్రమే కాదు, రాత్రిని కూడా. విమానం ఎత్తుకు చేరిన కొద్దిసేపటికే రెక్క అంచు మీద నారింజరంగు వెలుగు పడింది. సూర్యుడు దాదాపు మా ముందు, ఉత్తర దిక్కున ఉండడంతో పక్క కిటికీలోంచి బింబం కనిపించలేదు. ఆ భాగ్యం పైలట్లదే అనుకున్నాను. దిగడానికి విమానం తూర్పుకు మళ్లినప్పుడు, ఇస్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయకు ఆవల మంచుకొండల మీద, అర్ధరాత్రి వేళ, నిండుగా కనిపించాడు.

1975లో ప్రారంభమైన ఇక్కడి విమానాశ్రయాన్ని ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల మీద కట్టారు. ఊళ్లోకి కొద్ది కిలోమీటర్ల రోడ్డు ఉంది, అంతే. స్వాల్‌బార్డ్‌లో ఒక ఊరి నుంచి మరొక ఊరికి రోడ్డు లేదు. మన దేశపు ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రం 2008 నుంచి పనిచేస్తున్న నీ-ఆలెసుండ్ ఈ విమానాశ్రయానికి నూటపది కిలోమీటర్ల లోపే ఉన్నా, చేరాలంటే చిన్న విమానంలో అరగంటైనా పట్టని ప్రయాణం చేయాలి, లేదా ఓడ ఎక్కాలి. ఆ చిన్న విమానాలు ముఖ్యంగా అక్కడ పనిచేసేవారి కోసమే నడుస్తాయి కనుక మా ప్రయాణం లాంగియర్‌బ్యెన్‌తోనే ఆగింది.