తుప్పు పట్టిన ఓడలో కాపలా

పోయిన ఆదివారం బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లినప్పుడు, లైట్‌హౌసు దాటాక ఇసుకలో నిలిపి ఉంచిన ఒక ఫైబర్ బోటు నీడన ఒక పెద్దాయన కూర్చొని, చిరిగిన వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకొని కుడుతూ కనిపించాడు. ఒడియావాళ్లు నోళియాలని పిలిచే ఈ మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా గంజాం తీరంలో ఉంటున్నా, ఇళ్లలో మాట్లాడేది తెలుగే కాబట్టి మాట కలపడానికి నేను ఇబ్బంది పడలేదు. వలలో మనిషి దూరేంత కంత ఉంది. రాత్రి వేసిన వల మీదుగా ఒక పెద్ద మరబోటు వెళ్లిపోయిందనీ, అది ఏ రేవుదో చీకట్లో పోల్చుకోలేకపోయామనీ చెప్పాడు.

"ఒడ్డుకి అయిదు కిలోమీటర్ల లోపు అలాంటి బోట్లు రాకూడదని రూలుంది గదా తాతా?" అని అడిగాను.

"ఉంది బాబూ. రూలు ఒడ్డున ఉంది, బోటు నీల్ల మీద ఉంది" అన్నాడు, సూది ఆపకుండానే.

ఫిలిప్పీన్స్, చైనాల సముద్ర వివాదం గురించి రాయాలని రెండేళ్లుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఎన్ని మ్యాపులు ముందు పెట్టుకున్నా దొరకని మొదటి వాక్యం ఆయన నోటి నుంచి వచ్చేసింది.

ఆయన చెప్పిన ఆ రూలుకు ఆధారం ఒడిశా ప్రభుత్వం 1982లో చేసిన సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం. అదే ఏడాది డిసెంబరులో జమైకాలోని మాంటెగో బేలో, సముద్ర చట్టంపై ఐక్యరాజ్య సమితి ఒడంబడిక మీద ప్రపంచ దేశాలు సంతకాలు చేశాయి. ఒకటి మన ఊరి ముందరి నీళ్ల సంగతి, రెండోది మహాసముద్రాల సంగతి అయినా, బలం ఎవరిదైనా సరే, ఒడ్డున బతికేవాడికి ఆ ఒడ్డు ముందరి నీళ్ల మీద తొలి హక్కు ఉంటుందని చెప్పడానికే రెండూ ప్రయత్నించాయి. ఒడంబడిక ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు ఆ దేశపు సొంత జలాలు. 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 370 కిలోమీటర్ల దాకా చేపలు, చమురు, గ్యాసు వాడుకునే హక్కు ఆ దేశానిదే. (ఈ రెండో దాన్ని మన పత్రికలు 'ప్రత్యేక ఆర్థిక మండలి' అంటాయి. ఫ్యాక్టరీల కోసం భూములు తీసుకునే సెజ్‌కూ అదే పేరు పెట్టడంతో చదివేవాడికి సముద్రంలో ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. నేనైతే 'ఆర్థిక జలాలు' అని రాస్తాను.) ఫిలిప్పీన్స్ 1984లోనూ, చైనా 1996లోనూ ఈ ఒడంబడికను ఆమోదించాయి. అంటే వాళ్లిద్దరూ ఒకే నియమానికి ఒప్పుకున్నవాళ్లే.

అయినా చైనా తన మ్యాపుల్లో దక్షిణ చైనా సముద్రంలో అధిక భాగాన్ని చుట్టేస్తూ తొమ్మిది ముక్కల గీత ఒకటి గీసుకొని, అది చరిత్ర ఇచ్చిన హక్కు అంటుంది. ఆ గీత లోపలే ఫిలిప్పీన్స్‌కు చెందిన పలావాన్ దీవికి 250 కిలోమీటర్ల లోపు ఉన్న దిబ్బలు పడతాయి. వాటిలో మిస్‌చీఫ్ రీఫ్‌ను చైనా 1995లో ఆక్రమించుకుంది. మొదట మత్స్యకారుల కోసమని చెప్పి స్తంభాల మీద గుడిసెల్లాంటివి కట్టింది. ఇప్పుడక్కడ విమానాలు దిగే రన్‌వే ఉంది. గుడిసె కట్టిననాడు అడ్డుకోలేనివాడు రన్‌వే వేసిననాడు అడ్డుకోగలడా?

1999లో ఫిలిప్పీన్స్ చేసిన పని ఈ నష్టం నుంచి నేర్చుకున్న పాఠమే. మిస్‌చీఫ్ రీఫ్‌కు దగ్గరలోనే ఉన్న సెకండ్ థామస్ షోల్ అనే దిబ్బ మీదికి, రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి 'సియెర్రా మాద్రె' అనే పాత యుద్ధ నౌకను తీసుకుపోయి కావాలనే ఎక్కించేసింది. వంద మీటర్ల పొడవున్న ఆ ఓడ తుప్పు పట్టి, కంతలు పడి, ఒకవైపు ఒరిగి నేటికీ అక్కడే ఉంది. అందులో కొద్దిమంది సైనికులు వంతులవారీగా కాపలా ఉంటారు. వాళ్ల దగ్గర చైనాను ఎదిరించే ఆయుధమేదీ లేదు. కానీ ఓడ ఇప్పటికీ నౌకాదళం జాబితాలో ఉన్న ఓడే కాబట్టి, దాని మీద చెయ్యి వేస్తే ఫిలిప్పీన్స్ సైన్యం మీద వేసినట్టే. 1951లో అమెరికాతో చేసుకున్న రక్షణ ఒప్పందం వెనక ఉందన్న మాట కూడా దాచనక్కరలేదు. ఆ అండే లేకపోతే ఆ తుప్పు ఓడ ఇన్నేళ్లు ఆగేది కాదని నా అనుమానం.

2012లో స్కార్‌బరో షోల్ దగ్గర రెండు దేశాల నౌకలు వారాల తరబడి ఎదురెదురుగా నిలబడ్డాయి. చివరికి ఫిలిప్పీన్స్ నౌకలు వెనక్కి వచ్చాయి, చైనావి ఉండిపోయాయి. ఆ దిబ్బ ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి సుమారు 220 కిలోమీటర్లే. అక్కడ చేపలు పట్టి బతికిన జాంబాలెస్ తీరపు మత్స్యకారులకు ఆ తర్వాత నీటి ఫిరంగులు ఎదురయ్యాయి.

దాంతో ఫిలిప్పీన్స్ 2013 జనవరిలో ఒడంబడిక కిందే మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్‌ను ఆశ్రయించింది. చైనా విచారణకే రాలేదు. 2016 జులై 12న వచ్చిన తీర్పులో, తొమ్మిది ముక్కల గీత లోపలి వనరుల మీద చారిత్రక హక్కులనడానికి చట్టపరమైన ఆధారం లేదని ట్రైబ్యునల్ చెప్పింది. మిస్‌చీఫ్ రీఫ్, సెకండ్ థామస్ షోల్ రెండూ ఆటు సమయంలోనే బయటపడే దిబ్బలనీ, అవి ఫిలిప్పీన్స్ ఆర్థిక జలాల్లోనే ఉన్నాయనీ తేల్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది స్కార్‌బరో మీద చెప్పిన మాట. ఆ దిబ్బ ఎవరి సొత్తో ట్రైబ్యునల్ తేల్చలేదు, ఆ అధికారం దానికి లేదు కూడా; కానీ అక్కడ ఎప్పటి నుంచో వేటాడుతున్న ఫిలిప్పీన్స్ మత్స్యకారులను అడ్డుకోవడం తప్పని చెబుతూ, చైనా మత్స్యకారులకూ అలాంటి సంప్రదాయ హక్కే ఉంటుందని ఒప్పుకుంది. దేశాల తగవులో వల వేసేవాడిని మర్చిపోని తీర్పు అది.

గెలిచినవాడు ఆ గెలుపును ఏం చేసుకున్నాడన్నది మరో కథ. తీర్పుకు పన్నెండు రోజుల ముందే అధ్యక్షుడైన రొడ్రిగో దుతెర్తె, చైనా పెట్టుబడుల మీద ఆశతో దాన్ని పక్కన పెట్టి, 2021లో అయితే అది చెత్తబుట్టలో వేయదగిన కాగితమని బాహాటంగానే అన్నాడు. నా దృష్టిలో ఆ ఆరేళ్లలో ఫిలిప్పీన్స్ పోగొట్టుకున్నది 2012లో పోగొట్టుకున్న దానికంటే తక్కువేమీ కాదు. 2022లో వచ్చిన ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్ ప్రభుత్వం దారి మార్చింది. నీటి ఫిరంగి దెబ్బ తిన్న ప్రతిసారీ ఆ దేశ కోస్ట్‌గార్డు వీడియో తీసి లోకానికి చూపించడం మొదలుపెట్టింది. 'ఇది మనది' అనే అర్థం వచ్చే 'ఆతిన్ ఇతో' పేరుతో మామూలు పౌరులు కూడా మత్స్యకారుల పడవలతో కలిసి ఆ నీళ్లలోకి వెళ్లారు. 2024 జూన్ 17న సియెర్రా మాద్రెకు సరుకులు తీసుకెళ్తున్న రబ్బరు పడవలను చైనా సిబ్బంది కత్తులు, గొడ్డళ్లతో చుట్టుముట్టిన గొడవలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి చేతి బొటనవేలు తెగిపోయింది. తర్వాతి నెలలోనే ఓడకు సరుకులు చేరవేయడంపై రెండు దేశాలూ ఒక తాత్కాలిక అవగాహనకు వచ్చాయి.

మన దేశం అమ్మిన బ్రహ్మోస్ క్షిపణుల తొలి విడత 2024 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్‌కు చేరినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో పండగ చేసుకున్నారు. ఆయుధం మంచిదే కావచ్చు, కానీ నీటి ఫిరంగికి బ్రహ్మోస్ జవాబు కాదు. రబ్బరు పడవ మీద గొడ్డలి పడినప్పుడు క్షిపణి పేల్చలేరు.

ఆ గ్రూపుల్లో ఎవరూ తలవని సంగతి ఒకటుంది. ఇదే బంగాళాఖాతంలో ఒకప్పుడు ఆ 'బలమైన పొరుగువాడు' మనమే. 1970 తుఫాను తర్వాత హరియాభంగా నది ముఖద్వారంలో తేలిన చిన్న ఇసుక దీవి కోసం బంగ్లాదేశ్‌తో తగవు పడి, 1981లో అక్కడ మన జెండా ఎగరేశాం. ఇప్పుడా దీవి నీళ్లలో కలిసిపోయింది. 2009లో బంగ్లాదేశ్ కూడా ఫిలిప్పీన్స్ లాగే ఒడంబడిక కింద మధ్యవర్తిత్వం కోరింది. తేడా అల్లా, మనం విచారణకు వెళ్లాం. అయిదుగురు సభ్యుల్లో మన తెలుగువారైన పెమ్మరాజు శ్రీనివాసరావు ఒకరు. 2014 జులై 7న వచ్చిన తీర్పు, వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. మిగతా నలుగురి నిర్ణయంలో కొన్ని అంశాలతో ఏకీభవించని శ్రీనివాసరావు తన అభిప్రాయాన్ని విడిగా రాశారు. ఆయన అభ్యంతరం ఆయనది, కానీ ఢిల్లీ తీర్పును ఒప్పుకుంది. సముద్రంలో ముప్పాతిక భాగం పోయిందని ఇక్కడ ఎవరూ రోడ్డెక్కలేదు. ఈ దేశ పౌరుడిగా నాకు బ్రహ్మోస్ అమ్మకం కన్నా ఈ ఓటమే ఎక్కువ గర్వంగా అనిపిస్తుంది.

ఇందులో సగమైనా ఆ పెద్దాయనకు చెప్పాను. గీతలు, తీర్పులు అన్నీ ఊ కొడుతూ విన్నాడు. తుప్పు ఓడ సంగతి వచ్చినప్పుడు మాత్రం సూది ఆపాడు.

"ఆల్లకి తిండో?"

"ఒడ్డు నుంచి పడవలో పంపుతారు."

"మరి తాగడానికి నీల్లు?"

"అవీ పడవలోనే పోవాలి తాతా."

కాసేపు సముద్రం వైపు చూశాడు. "అయితే ముందు నీల్లే అయిపోతాయి. మా నాయన వేటకెల్తే ముందు కుండ చూసీవోడు, తరవాతే వల చూసీవోడు" అని, నైలాన్ దారం కొస పంటితో కొరికి, బొటనవేలికున్న వలను పక్క కంతకు మార్చుకున్నాడు.