ఆరు నెలల దాకా బాగానే ఉంది

"ఆరు నెలల దాకా బొద్దుగా, బాగానే ఉంది మేడమ్. ఆ తర్వాత ఎవరి దిష్టి తగిలిందో, చేతులూ కాళ్లూ వాచి ఒకటే ఏడుపు."

ఈ మాట ఎంతమంది తల్లుల నోట విన్నానో లెక్క లేదు. పంతొమ్మిదేళ్లుగా నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఉండేది హనుమకొండలో. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు పరీక్షల శిబిరం పెట్టినప్పుడల్లా తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట వైపు కోయ గూడేలకు వెళ్తుంటాను. గూడెం మారుతుంది, తల్లి మారుతుంది, ఆ ఆరు నెలల లెక్క మాత్రం మారదు. మా రిజిస్టరులో పేరుకు, వయసుకు, ఫలితానికి గడులున్నాయి. తల్లి చెప్పే మాట రాసుకోవడానికి గడి లేదు. అందుకే చాలా ఏళ్లు ఆ మాట విని, తల ఊపి, తర్వాతి వేలికి సూది గుచ్చాను.

మేం చేసే పరీక్ష చూడటానికి చిన్నదే. గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల ద్రావణం, అందులో చిన్న చుక్క రక్తం. ఐదు నిమిషాలాగి గొట్టం వెనక నల్లగీతల కాగితం పట్టుకుంటాం. మామూలు రక్తమైతే ఆ ఎర్రటి నీళ్లలోంచి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే లోపలంతా మజ్జిగ కలిపినట్టు మసకబారుతుంది, గీతలు మాయమవుతాయి. జబ్బు ఉన్నా మసకబారుతుంది, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చి ఆరోగ్యంగా ఉన్నా మసకబారుతుంది. ఏది ఏదో తేల్చడానికి నమూనా వరంగల్‌లోని పెద్ద యంత్రానికి వెళ్లాలి. ఈ పని నేర్పిన మొదటి రోజే మాకొక జాగ్రత్త చెప్పారు: ఆరు నెలల్లోపు పిల్లలకు ఈ గొట్టం పరీక్ష చేయవద్దు, జబ్బున్నా గీతలు కనిపించవచ్చు.

తల్లులు చెప్పే ఆరు నెలలూ, మాకు నేర్పిన ఆరు నెలలూ ఒకటేనని నాకు తట్టింది 2023 చివర్లో, క్యాస్‌జెవీ గురించి చదువుతున్నప్పుడు. ఆ నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా సికిల్ సెల్‌కు అనుమతించిన జన్యు చికిత్స అది. జన్యువులను కోసి సరిచేసే క్రిస్పర్ అనే కత్తెరతో తయారై అనుమతి పొందిన మొదటి చికిత్స కూడా అదే.

కడుపులో ఉన్న బిడ్డకు హిమోగ్లోబిన్ వేరు. దాన్ని హిమోగ్లోబిన్ ఎఫ్ అంటాం. పుట్టాక అది నెలనెలా తగ్గుతూ పోయి, పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ దాని చోటు తీసుకుంటుంది. సికిల్ సెల్ లోపం ఉండేది ఈ రెండోదానిలోనే. దాన్ని తయారుచేయించే బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తప్పు పడుతుంది. అంత చిన్న తప్పుకే, ఆక్సిజన్ తగ్గిన చోట హిమోగ్లోబిన్ పోగులు పోగులుగా అతుక్కుని ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. ఆ నొప్పిని నేను చూశాను, వర్ణించలేను. బిడ్డ ఒంట్లో ఎఫ్ ఉన్నన్నాళ్లూ అది కాపలా కాస్తుంది. అది తగ్గిపోయే వేళకు చేతులూ కాళ్లూ వాస్తాయి.

బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు 1948లోనే దీన్ని గమనించారు. పసికందుల రక్తకణాలు కొడవలిలా తక్కువగా వంగుతున్నాయని, పుట్టుకతో వచ్చిన హిమోగ్లోబిన్ వారిని కాపాడుతోందని రాశారు. ఆ ఎఫ్‌ను అణచిపెట్టేది బీసీఎల్11ఎ అనే జన్యువని 2008లో బోస్టన్‌లో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ బృందం చూపించింది. అంటే గూడెం తల్లి దిష్టి అని చెప్పుకునే ఆ మార్పు వెనక ఉన్నది ఈ జన్యువే. క్యాస్‌జెవీ చేసేది దాని నోరు నొక్కడం. రోగి రక్తంలోంచి, రక్తకణాలన్నిటినీ పుట్టించే మూలకణాలను వేరుచేసి, ప్రయోగశాలలో క్రిస్పర్‌తో ఆ జన్యువు రక్తకణాల్లో పనిచేయకుండా కోసి, తిరిగి ఆ మనిషికే ఎక్కిస్తారు. అవి మూలుగలో కుదురుకుని మళ్లీ ఎఫ్‌ను తయారుచేయడం మొదలుపెడతాయి. అమెరికా అనుమతి ఇచ్చేటప్పుడు పరిశీలించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. అది చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

ఏటూరునాగారం దగ్గరి గూడెంలో ఈ జబ్బున్న ఒక అమ్మాయి ఉంది, ఇంటర్ రెండో సంవత్సరం. నన్ను అక్కా అంటుంది. ఫోనులో వార్త చూపించి, "అక్కా, అమెరికాలో మందు వచ్చిందట. నా రక్తం కూడా మారుతుందా?" అని అడిగింది. వచ్చింది నిజమేనని చెప్పాను. ధర కూడా దాచలేదు: 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల రూపాయల పైమాట. కొత్త కణాలకు చోటు కోసం ముందుగా బలమైన కీమో మందుతో మూలుగను ఖాళీ చేస్తారని, దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చని కూడా చెప్పాను. పదిహేడేళ్ల పిల్లకు ఇదంతా ఎందుకని నర్సమ్మ కోప్పడింది. కానీ ఆ పిల్ల తండ్రి అప్పటికే పట్టణంలో ఒక క్లినిక్ మెట్లెక్కి వచ్చాడు. మూలకణాల ఇంజెక్షన్లు నాలుగు వేస్తే నయమైపోతుందని అక్కడ చెప్పారట. రెండెకరాలు అమ్మకానికి పెట్టాడు. ఈ జబ్బును మూలకణాలతో నయం చేసే దారి నిజంగానే ఉంది. అది సరిపోలే తోబుట్టువు ఇచ్చే మూలుగతో, పెద్ద ఆసుపత్రిలో వారాల తరబడి ఉంచి చేసేది. చేతికి సూది వేసి పంపేది కాదు. నిజం పూర్తిగా చెప్పేవాళ్లు లేని చోట సగం నిజం ఎంత ఖరీదుకైనా అమ్ముడుపోతుంది. పొలం అమ్మవద్దని ఆ తండ్రిని చేతులు పట్టుకుని బతిమాలాను.

2025 నవంబరులో ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన మన సొంత క్రిస్పర్ చికిత్సను ప్రకటించారు. గిరిజన పోరాట వీరుడు బిర్సా ముండా పేరు మీద దానికి బిర్సా 101 అని పేరుపెట్టారు. ఈ జబ్బు భారం ఎక్కువగా మోస్తున్నది ఎవరో గుర్తుంచుకుని పెట్టిన పేరు అది. రోగుల దాకా రావడానికి అది దాటాల్సిన దశలున్నాయి. నేను రోజూ దాని కబురు కోసం వెతుకుతున్నాను.

అప్పటిదాకా హైడ్రాక్సీయూరియా ఉంది. ఇది కూడా ఎఫ్‌ను పెంచే మందే. క్రిస్పర్ అంత గట్టిగా కాదు, అందరిలో ఒకే మోతాదులోనూ కాదు, రోజూ వేసుకోవాలి, మధ్యమధ్య రక్తకణాల లెక్క చూసుకోవాలి. కానీ గూడెం దాకా చేరగలిగే మందు ఇది. కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ లక్ష్యం గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం. పరీక్ష చేసి ఫలితం రాసిన కార్డు చేతిలో పెట్టడంతో మా పని అయిపోయిందనుకుంటే ఆ తల్లులకు ద్రోహం చేసినట్టే. కార్డుతో పాటు ఈ మందు క్యాప్సూల్ అందాలి, అది అయిపోకముందే మళ్లీ అందాలి.

ఆ అమ్మాయి ఏడాదిగా ఒక్క రోజు మానకుండా వేసుకుంటోంది. నొప్పి రాకుండా కాలేజీకి నీళ్ల సీసా తీసుకెళ్తుంది, చలికాలం పొద్దున స్వెట్టర్ లేనిదే బయటికి రాదు. పోయినసారి వరంగల్ యంత్రం నుంచి వచ్చిన కాగితంలో ఎఫ్ ఎదురుగా 17 శాతం ఉంది. మందు మొదలుపెట్టినప్పుడు అది 8. వేలు పెట్టి చూపించాను. జువాలజీ నోట్సు చివరి పేజీ తెరిచి, రెండు అంకెలూ తేదీలతో సహా రాసుకుంది. వాటి కింద మూడోదానికి చోటు వదిలి, మళ్లీ ఎప్పుడు వస్తావక్కా అని అడిగింది.